ఆ పెద్ద టూల్‌కిట్ పెట్టె అమ్మడం ఆపేశాం

మా దగ్గర పనిముట్లు కొనే అందరికీ నమస్కారం.

వందకు పైగా వస్తువులుండే ఆ పెద్ద టూల్‌కిట్ పెట్టెను ఈ నెల నుంచి అమ్మడం లేదు. రెండేళ్లుగా మా దగ్గర బాగా పోయిన సరుకు అదే. ఇంట్లో చిన్నాచితకా పనులు సొంతంగా చేసుకుందామని వచ్చిన వాళ్లకు "ముందు ఇది తీసుకోండి" అని నేనే చేతిలో పెట్టాను. అలా చెప్పి ఉండాల్సింది కాదు. ఎందుకో మీకు చెప్పడం నా బాధ్యత.

పోయిన నెల ఒకాయన తలుపు మడతబందు స్క్రూ ఊడిరాక, ఫోన్‌లో ఫోటో తీసుకుని, స్క్రూ తిప్పే బిట్టు (పిడికి తగిలించే మొన) జేబులో వేసుకుని వచ్చారు. ఫోటోలో స్క్రూ తలమీద ప్లస్ గాడి లేదు, చిన్న గిన్నెలా గుంట పడి ఉంది. బిట్టును లైటు కింద పెట్టి చూశాను. నాలుగు రెక్కల అంచులూ గుండ్రంగా అరిగిపోయాయి. అది మా పెట్టెలోదే. ఆయన వెళ్లాక ఇంకో కొత్త పెట్టె విప్పి, అందులోని ప్లస్ బిట్టుతో చెక్కలో స్క్రూలు బిగించి చూశాను. పదో స్క్రూ దగ్గరికి వచ్చేసరికి జారడం మొదలైంది. మెత్తటి ఇనుము. పెట్టెలో ఎన్ని వస్తువులున్నాయో చూశాను గానీ, రోజూ చేతిలోకి వచ్చే ఆ ఒక్క బిట్టు ఎలాంటిదో చూడలేదు.

ఆయనకు ఒక మంచి స్క్రూడ్రైవర్, ఒక వెడల్పాటి రబ్బరు బ్యాండు ఇచ్చి పంపాను. అరిగిన గాడి మీద రబ్బరు పరిచి, పైనుంచి గట్టిగా నొక్కుతూ మెల్లగా తిప్పితే చాలాసార్లు పట్టు దొరుకుతుంది. ఆయనకు దొరికింది.

అందుకే ఇకపై మొదటిసారి కొనేవాళ్లకు నేను ముందు చూపించేది ఒక్క ప్లస్ స్క్రూడ్రైవర్, 2వ నంబరుది. ప్లస్‌లో కూడా సైజులుంటాయని చాలామందికి తెలియదు. పిడి మీద లేదా కడ్డీ మీద పీహెచ్ (PH) అక్షరాల పక్కన 1, 2, 3 అని ఉంటుంది. తలుపులు, అల్మారాలు, స్విచ్ బోర్డుల్లో ఎక్కువగా పట్టేది 2. బ్యాటరీ మూతల్లాంటి చిన్నవాటికి 0 లేదా 1 కావాలి. మొన గాడిలో పెట్టి అటూ ఇటూ కదిపితే ఊగకూడదు. ఊగిందంటే సైజు తప్పు. ఇంకో మాట, ఈ ప్లస్ గాడి వాలుగా ఉంటుంది కాబట్టి తిప్పేటప్పుడు మొన పైకి లేవాలని చూస్తుంది. తిప్పే బలం కంటే నొక్కే బలం ఎక్కువ ఉండాలి.

తర్వాతది కొలిచే టేపు. కొసనున్న కొక్కెం లూజుగా ఉందని టేపులు వాపసు తెచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. దయచేసి ఆ రివెట్లను సుత్తితో కొట్టి బిగించకండి. ఆ కదలిక కావాలనే పెట్టింది. కొక్కెం తన మందమంత మాత్రమే జరుగుతుంది. చెక్క అంచుకు తగిలించి లాగితే బయటికి వస్తుంది, గోడకు ఆనించి నొక్కితే లోపలికి పోతుంది. అప్పుడే రెండు కొలతలూ సరిగ్గా వస్తాయి. రసమట్టాన్ని (ఏదైనా సమంగా ఉందో లేదో బుడగతో చూపేది) కూడా కొనే ముందు ఇక్కడే పరీక్షించుకోండి. బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట కొసలు తారుమారు చేసి పెట్టండి. బుడగ రెండుసార్లూ ఒకే చోట ఆగితే మంచిది.

టెస్టర్ విషయంలో మాత్రం నాకు నిజంగా టెన్షన్. బల్బు వెలిగితే కరెంటు ఉన్నట్టే, కానీ వెలగకపోతే లేనట్టు కాదు. పగటి వెలుగులో ఆ చిన్న మెరుపు కనిపించకపోవచ్చు, టెస్టరే పాడై ఉండొచ్చు. ముందు కరెంటు ఉన్న ప్లగ్‌లో పెట్టి వెలుగుతోందో లేదో చూడండి. తర్వాత పని చేయాల్సిన చోటికి వెళ్లే లైను బ్రేకర్ ఆపి, అక్కడ చూడండి. మళ్లీ కరెంటు ఉన్న ఇంకో లైనులో పెట్టి టెస్టర్ బాగుందని రూఢి చేసుకోండి. అనుమానం ఉంటే మల్టీమీటర్ వాడండి, లేదా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

డ్రిల్లింగ్ మిషన్ మొదటిరోజే కొనొద్దు. ఏడాదికి నాలుగు రంధ్రాలు వేసేవాళ్లకు అద్దెకిస్తాం, వచ్చే నెల నుంచి రెండు మిషన్లు అందుకే ఉంచుతున్నాం. గోడకైతే కార్బైడ్ మొన ఉన్న బిట్టు, హ్యామర్ మోడ్ (తిరుగుతూనే సుత్తిలా కొట్టేది). టైల్స్, చెక్క, ఇనుము మీద హ్యామర్ ఆపేయాలి. స్క్రూ పట్టడానికి గోడలో దించే 6 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 6 మిల్లీమీటర్ల బిట్టు. ఎంత లోతు కావాలో బిట్టు మీద అంటించే టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి, ప్లగ్గు దించే ముందు రంధ్రంలోని పొడి తీసేయండి. ప్లగ్గు లూజైపోవడానికి ఆ పొడి కూడా ఒక కారణం. రక్షణ కళ్లద్దాలు లేకుండా మిషన్ ఇవ్వం, కళ్లద్దాలకు అద్దె లేదు.

కటింగ్ ప్లయర్, సుత్తి, ఒక స్క్రూ స్పానర్ (దవడ వెడల్పు మార్చుకునేది) ఉంటే ఇంటికి చాలావరకు సరిపోతాయి. స్క్రూ స్పానర్‌ను కదిలే దవడ వైపు తిప్పండి, బలం కదలని దవడ మీద పడుతుంది, నట్టు అంచులు పోవు.

మా దగ్గర ఆ పెట్టె కొన్నవాళ్లు అరిగిన ప్లస్ బిట్టు తీసుకురండి. బదులుగా 2వ నంబరు స్క్రూడ్రైవర్ ఊరికే ఇస్తాం. బిల్లు అక్కర్లేదు, ఆ బిట్లను నేను గుర్తుపడతాను. పెట్టెలోని సాకెట్లు (నట్లు తిప్పేవి) మాత్రం పారేయకండి, నేను పరీక్షించినంతవరకు అవి బాగానే ఉన్నాయి.