క్రేటర్ లేక్ టూరు: ఏడు వారాలైనా మీ దగ్గర ఒక్క మనిషి దొరకలేదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

పేరు తెలిస్తే పేరే రాసేవాణ్ణి. అడిగితే ‘మేనేజర్ గారి పేరు చెప్పకూడదు సార్, పాలసీ’ అన్నారు. మీ పేజీ మీద ‘మన తెలుగు కుటుంబాల కోసం’ అని పెద్దక్షరాల్లో ఉంది కదా, అందుకే తెలుగులో రాస్తున్నా. ఇంగ్లీషులో రాసిన నాలుగు మెయిళ్ళకీ ఒకటే జవాబు వచ్చింది. అందులో నా పేరు కూడా తప్పే.

జరిగింది ఇంతే. ఈ 2025 ఆగస్టు మొదటి వారంలో మేం ముగ్గురం ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ నుంచి మీ రెండు రోజుల క్రేటర్ లేక్ టూరుకి వచ్చాం. క్లీట్‌వుడ్ కోవ్ దారిన దిగి సరస్సులో ఈత కొట్టొచ్చని మీ ప్యాకేజీలో ఉంది. నీళ్ళ దాకా దిగడానికి అనుమతి ఉన్న దారి అదొక్కటే. మీ వ్యాను మాత్రం పైన గట్టు మీదున్న రిమ్ విలేజ్‌లో ఆగింది. మజామా అనే అగ్నిపర్వతం 7,700 ఏళ్ళ కిందట పేలి, కూలి ఈ గుంట పడిందనీ, 1,943 అడుగుల లోతనీ, అమెరికాలో ఇంతకన్నా లోతైన సరస్సు లేదనీ గైడు మైకులో గడగడా అప్పజెప్పాడు. యాభై నిమిషాలకి ‘టైమైపోయింది, ఎక్కండి’ అన్నాడు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. పొద్దున ఆరింటికే బట్టల కింద స్విమ్‌సూట్ వేసుకుని, గాగుల్స్ నుదుటి మీదికి లాక్కుని కూర్చుంది. రాత్రి హోటల్లో తీసేసరికి నుదురంతా రెండు ఎర్రటి సున్నాలు.

అయినా నా కోపం దాని గురించి కాదు. వ్యాను ఆలస్యం కావచ్చు, గైడు లెక్క తప్పొచ్చు. మర్నాడు ఎవరో ఒకరు ఫోన్ చేసి ‘తప్పయిందండీ’ అని ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. ఫోన్ రాలేదు కాబట్టి నేనే చేశా. అక్కడ మొదలైంది అసలు టూరు.

మొదటిసారి ఇరవై ఆరు నిమిషాలు హోల్డులో మీ వీణ పాట విన్నాక ఒకావిడ ఎత్తింది. అంతా విని, ‘సరస్సు కనిపించింది కదండీ?’ అంది. కనిపించిందమ్మా. మీ లెక్కన విస్తరి వేసి చూపిస్తే భోజనం పెట్టినట్టే.

రెండోసారి ఒకబ్బాయి. దారి మీద మంచు ఉండి ఉంటుందన్నాడు. ఆగస్టులో! అదే రోజు తడి తువ్వాళ్ళు మెడలో వేసుకుని తిరుగుతున్న పిల్లల్ని మా అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. ఆ మంచు మీ గైడుకే కనిపించిందేమో. మూడో ఆయన ఇంకా ఘనుడు. ‘వోల్కనో అలర్ట్ సార్, మీ సేఫ్టీ కోసమే’ అన్నాడు. అక్కడ చివరిసారి నిప్పు లేచి సుమారు 4,800 ఏళ్ళయింది. అంతకాలంగా పడుకున్న కొండని మీ కాల్ సెంటర్లో కూర్చుని లేపేశాడు. ‘మీ సీనియర్‌కి ఇవ్వండి’ అంటే ‘ఒక్క నిమిషం లైన్లో ఉండండి’ అని కట్ చేశాడు.

చాట్ సంగతి చెప్పక్కర్లేదు. ‘రిఫండ్’ అని కొడితే ‘కొత్త టూర్ బుక్ చేసుకుంటారా?’ అని అడుగుతుంది. ‘కాదు’ నొక్కితే ‘నమస్కారం! మీకు ఎలా సహాయపడగలను?’ అని మళ్ళీ మొదటికి.

ఆ సరస్సులో ‘ఓల్డ్ మ్యాన్’ అని ఒక దుంగ ఉంది. 1896లోనే చూసినవాళ్ళున్నారు. ఇప్పటికీ నిట్టనిలువుగా తేలుతూ, గాలి ఎటు తోస్తే అటు సరస్సంతా తిరుగుతుంది. ఏడు వారాల్లో నా ఫిర్యాదు కన్నా ఆ దుంగే ఎక్కువ దూరం కదిలి ఉంటుంది.

పోయిన సోమవారం మీ మెయిల్ వచ్చింది: ‘మీ సమస్య సంతృప్తికరంగా పరిష్కరించబడినది.’ ఎవరి సంతృప్తి? కింద అయిదు నక్షత్రాలు, ఓ వోచరు. ఏడాదిలోపు ‘అదే టూరుకి’ వాడుకోవాలట. అయ్యా, మరమ్మతుల కోసం ఆ దారిని ఈ సీజన్ తర్వాత మూసేస్తున్నారు, మళ్ళీ తెరిచేది 2029లో అని పార్కు వాళ్ళు ఎప్పుడో చెప్పారు. అక్కడికి వ్యాన్లు నడిపే మీకు తెలియదా, తెలిసే ఇచ్చారా? 2029కి మా అమ్మాయికి పదమూడొస్తాయి. అప్పుడు అమ్మానాన్నలతో వ్యాను ఎక్కుతుందో లేదో ఎవరికి తెలుసు!

మేం మీకు కొత్తవాళ్ళం కాదు. 2018లో మా అమ్మానాన్నల్ని మీతోనే ఎల్లోస్టోన్ పంపా. దారిలో మీ డ్రైవరు ఎక్కడినుంచో పెరుగన్నం తెచ్చిపెట్టాడని నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. మా బావమరిది గ్రాండ్ కాన్యన్ వెళ్ళింది మీతోనే. నా మాట మీద ఇంకో అయిదు కుటుంబాలు వచ్చాయి. ఆ డ్రైవరు ఇంకా మీ దగ్గరుంటే ఫోన్లకి అతన్ని కూర్చోబెట్టండి.

వోచరు నాకొద్దు. డబ్బు వెనక్కి ఎంతిస్తారో మీ మర్యాదకే వదిలేస్తున్నా. ముందు మీలో పేరున్న మనిషి ఎవరైనా ఫోన్ చెయ్యాలి, మా అమ్మాయితో కూడా మాట్లాడాలి. శుక్రవారం దాకా చూస్తా. ఆ తర్వాత బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తా, ఒరెగాన్ న్యాయశాఖ వారి వినియోగదారుల విభాగానికి ఈ కాగితాలన్నీ పంపుతా, నేనున్న మూడు వాట్సాప్ గ్రూపుల్లో పెడతా. దసరా సంబరాల్లో మీరు స్టాల్ పెడుతున్నారని పోస్టర్లో చూశా. గాగుల్స్ పెట్టించి మా అమ్మాయిని తీసుకుని నేరుగా అక్కడికే వస్తా.

ఇట్లు,
మీ పాత కస్టమరు

తా.క.: మీ మెయిల్ అడుగున ‘ఈ చిరునామాకు జవాబు పంపరాదు’ అని ఉంది. అందుకే ఇది ప్రింటు తీసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నా. తీసుకునేవాళ్ళు సంతకం పెట్టాలి. అలాగైనా మీ దగ్గర ఒకరి పేరు తెలుస్తుంది.