ఎలాన్ కొండల మీద మొక్కలు నాటొద్దు

సంపాదకుడికి నమస్కారం.

వేల్స్‌లోని ఎలాన్ లోయ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. బర్మింగ్‌హామ్‌లోని తెలుగువాళ్ల ఇళ్లకు కుళాయి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పడం బాగుంది. చివర్లో ఇచ్చిన సలహాతోనే పేచీ. ఆ కొండలు బోసిగా ఉన్నాయి, మన సంఘాలు ఎలాగూ వేసవిలో బస్సులు కట్టించుకుని పిక్నిక్‌కు వెళ్తున్నాయి కదా, తలా ఒక మొక్క నాటి ఆ నీటి రుణం తీర్చుకోవచ్చని రాశారు. హరితహారం చూసిన కళ్లకు బోడికొండ కనిపిస్తే గుంత తవ్వాలనిపించడం సహజం. ఆ కొండల నెత్తిన మాత్రం ఆ పని చేస్తే చెట్టూ దక్కదు, నీళ్లూ పాడవుతాయి.

ముందు ఒక దిద్దుబాటు. ఆ లోయను ‘మనిషి చెయ్యి పడని ప్రకృతి’ అన్నారు. అక్కడ మనిషి చెయ్యి పడని చోటు వెతికినా దొరకదు. పన్నెండో శతాబ్దంలో స్ట్రాటా ఫ్లోరిడా మఠం సన్యాసుల కాలం నుంచీ ఆ కొండలు గొర్రెల మేతబీళ్లు. 1892లో బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ అక్కడ డ్యాములు కట్టడానికి పార్లమెంటులో చట్టం చేయించుకుని, మరుసటి ఏడాది పని మొదలుపెట్టింది. 1904 జూలైలో ఏడో ఎడ్వర్డ్ రాజు వచ్చి ప్రారంభించారు. కాబన్ కోఖ్, పెన్ ఎ గారెగ్, క్రైగ్ గోఖ్ డ్యాములు, నీటిలో మునిగి ఉండే గారెగ్ దీ అప్పటివే. క్లైర్‌వెన్ 1952లో తోడైంది. వందమందికి పైగా ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. పరిహారం భూస్వాములకు అందింది కానీ కౌలుదార్లకు, కూలీలకు కాదు. మీరు ఫొటో వేసిన ముచ్చటైన రాతి గ్రామం కూడా 1906–09 మధ్య డ్యాముల సిబ్బంది కోసం కట్టిందే. అక్కడి నుంచి నీరు 118 కిలోమీటర్లు పంపు లేకుండా తనంతట తానే పారి, బర్మింగ్‌హామ్ శివారులోని ఫ్రాంక్లీ చేరుతుంది. ప్రతి 2,300 అడుగులకు ఒక్క అడుగు వాలు. ఒకటిన్నర రోజు ప్రయాణం.

ఇక నేల సంగతి. ఆ ఎత్తుల్లో ఏడాదికి 1,800 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. హైదరాబాద్‌లో పడేదానికి ఇది రెట్టింపు పైమాటే. పైన చలి, ముసురు. అడుగున నీరు ఇంకనివ్వని గట్టి బురదరాయి. నాచు, గడ్డి చచ్చినా గాలి అందక కుళ్లవు, పొర మీద పొరగా పేరుకుపోతాయి. దాన్నే పీట్ అంటారు. ఏడాదికి పెరిగేది సుమారు ఒక మిల్లీమీటరు, అంటే మీటరు లోతు పీట్ వెనుక వెయ్యేళ్లున్నాయి. తడిగా ఉన్నప్పుడు అందులో పదింట తొమ్మిది వంతులు నీరే.

ఈ నేలలో ఓక్ మొక్క పెడితే వేరుకు గాలి ఆడక రెండు మూడేళ్లలో చస్తుంది, లేదా మోకాలెత్తు దగ్గర ఆగిపోతుంది. చెట్టు బతకాలంటే ముందు కాలువలు తీసి నీరు దించాలి. నీరు దిగితే పీట్‌కు గాలి తగులుతుంది, అన్నాళ్లూ కుళ్లకుండా ఉన్నది కుళ్లడం మొదలవుతుంది, వేల ఏళ్ల కార్బన్ గాల్లోకి పోతుంది. చెట్టు పీల్చుకునేదాని కంటే నేల వదిలేదే ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. అందుకే పీట్ లోతు 50 సెంటీమీటర్లు దాటిన చోట కొత్త అడవి పెంచొద్దని బ్రిటన్ అటవీ ప్రమాణాలే చెబుతున్నాయి. కలప కోసం పెంచే, సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్ల తోటలతో ఇంకో చిక్కుంది. వాటి ఆకులు గాలిలోని ఆమ్ల కాలుష్యాన్ని పట్టి కిందికి దింపుతాయి. పక్కనే టవి నది ఎగువన, లిన్ బ్రియాన్ జలాశయం చుట్టూ, 1980లలో చేసిన పరిశోధనల్లో స్ప్రూస్ అడవుల గుండా వచ్చే వాగుల్లో ఆమ్లం, అల్యూమినియం పెరిగి చేపలు తగ్గినట్టు తేలింది.

కుళాయికీ దీనికీ ఉన్న సంబంధం మన వాళ్లలో చాలామందికి తెలియదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మేత పెంచుదామని ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి మధ్య వేల్స్ కొండల మీద అర మీటరు లోతు బోదెలు వరసలు వరసలుగా తీయించింది. మేత పెద్దగా పెరిగింది లేదు. పీట్ మాత్రం ఎండింది. ఎండిన పీట్ మీద వాన పడితే పలచటి టీ రంగు నీరు దిగుతుంది. ఆ రంగును శుద్ధి కేంద్రంలో రసాయనాలు వేసి, ముద్ద కట్టించి, వడకట్టాలి. పూర్తిగా పోకముందే క్లోరిన్ కలిపితే ట్రైహాలోమీథేన్లు అనే హానికర పదార్థాలు పుడతాయి. లీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదని చట్టం. కొండ మీద బోదె ఎంత పారితే కింద రసాయనం ఖర్చు అంత.

రుణం తీర్చుకోవాలనుకునేవాళ్లు డబ్బు పెట్టాల్సింది ఈ బోదెలు పూడ్చడానికి. చూడ్డానికి చిన్న పనే కానీ తప్పుగా చేస్తే చేయనట్టే. మెత్తటి నేలలో దిగబడకుండా వెడల్పాటి చైన్లున్న చిన్న పొక్లెయిన్ వాడతారు. బోదె పక్కనే గుంత తీసి, పైన ఎండిన పొరను పక్కన పెట్టి, లోపలి నల్లటి తడి పీట్‌తోనే అడ్డుకట్ట వేయాలి. పైపొర పొడిపీట్ వాడితే కట్ట బీటలు పడి కారిపోతుంది. కట్టను బోదె అంచుల్లోకి రెండు వైపులా చొప్పించాలి, లేకపోతే నీరు పక్క నుంచి కోసుకుపోతుంది. కట్ట తల చుట్టూ ఉన్న నేల కంటే కాస్త ఎత్తుండాలి, అప్పుడే నిండిన నీరు కట్ట మీదుగా దూకకుండా పక్కలకు పరుచుకుంటుంది. కింది కట్ట దగ్గర నిలిచిన నీరు పై కట్ట పాదాన్ని తాకాలి. వాలును బట్టి 7 నుంచి 12 మీటర్లకు ఒక కట్ట పడుతుంది. దూరం ఎక్కువైతే మధ్యలో నీరు వేగం అందుకుని మళ్లీ తవ్వేస్తుంది. చివరగా గడ్డిపెళ్లలు తిరగేయకుండా పైన పరవాలి. మార్చి నుంచి ఆగస్టు దాకా నేల మీద గూళ్లు కట్టే పక్షులుంటాయి, ఆ నెలల్లో పని పెట్టుకోకూడదు.

వ్యాసంలో ‘బంగారు రంగు కొండలు’ అని మెచ్చుకున్నారే, ఆ రంగు మొలీనియా అనే గడ్డిది. అది ఆరోగ్యానికి గుర్తు కాదు. జూన్ దాటితే ముదిరిపోతుంది, గొర్రె ముట్టదు. మే నుంచి జూలై వరకు పశువులు, గుర్రాలు మేసి తొక్కితేనే అదుపులో ఉంటుంది. గొర్రెలొక్కటే మిగిలిన చోట అది కుచ్చులు కట్టి, హెదర్ అనే చిన్న పొదనూ నాచునూ కప్పేసింది. చలికాలంలో ఆకు ఎండి గోధుమగడ్డిలా పడి ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో తూర్పుగాలికి ఒక్క నిప్పురవ్వ చాలు. కాలిస్తే పోతుందా అంటే పోదు. మొదలు తడిగా ఉంటుంది కాబట్టి మొలీనియాయే మళ్లీ ముందు లేస్తుంది, పక్కనున్న మిగతా మొక్కలు చస్తాయి. వేల్స్ కొండల్లో రైతులు సైతం మార్చి 31 తర్వాత అక్టోబర్ 1 వరకు గడ్డి కాల్చకూడదు. మన పిక్నిక్‌లలో వాడిపారేసే రేకు బార్బెక్యూలను గడ్డి మీద పెట్టడం చూస్తుంటే భయమేస్తుంది. పైమంట ఆరినా పీట్ లోపల రోజుల తరబడి రాజుతూనే ఉంటుంది. చికెన్ ఇంట్లోనే వండుకుని తీసుకెళ్లండి.

చెట్లే వద్దని మా వాదన కాదు. లోయ పక్కవాలుల్లో, వాగుల వెంట, నాచు కప్పిన ఓక్ అడవి ముక్కలు ముక్కలుగా మిగిలి ఉంది. పెరగాల్సింది అదే. ఎక్కడ పెరుగుతుందో నేలే చెబుతుంది. బ్రాకెన్ కింద బంగారం, గోర్స్ కింద వెండి, హెదర్ కింద ఆకలి అని వేల్స్ రైతుల సామెత. గోర్స్ అంటే ఒక ముళ్లపొద. బ్రాకెన్ అనే ఫెర్న్ లోతైన, నీరు నిలవని మట్టిలోనే దట్టంగా వస్తుంది, ఓక్‌కూ అదే కావాలి. అనుమానముంటే సన్నటి ఇనుప కడ్డీ దింపి చూడొచ్చు. అర మీటరు దాకా వెన్నలో దిగినట్టు దిగితే అది పీట్, వదిలేయాలి.

నాటే కాలం నవంబర్ నుంచి మార్చి, మొక్క నిద్రలో ఉన్నప్పుడు, మట్టి అంటని వేర్లతో. రెండున్నర, మూడు మీటర్ల ఎడంలో హెక్టారుకు 1,100 నుంచి 1,600 పడతాయి. ఒక్కోదానికి ఊతకర్ర, గొర్రెలు కొరకకుండా మొక్క చుట్టూ తొడిగే 1.2 మీటర్ల గొట్టం కావాలి. ఆ గొట్టాలను తర్వాత ఏరి తెచ్చే పూచీ కూడా నాటినవాళ్లదే. వేసవిలో ఎత్తుగా పెరిగిన బ్రాకెన్ శరదృతువులో ఒరిగి చిన్న మొక్కలను నేలకు అణిచేస్తుంది. కాబట్టి మొదటి నాలుగైదేళ్లు వేసవిలో రెండుసార్లు వెళ్లి తొక్కి రావాలి. నాటడం ఒక పూట పని, ఇది ఏళ్ల పని. ఎవరూ ఫొటో దిగని పని కూడా ఇదే. ఆష్ చెట్లు వద్దు, ఎండు తెగులుంది. లార్చ్ కూడా వద్దు, దాన్నీ ఒక శిలీంధ్రం లాంటి తెగులు తినేస్తోంది.

ఉన్న ఓక్ అడవిలో కొత్త మొక్క రాకపోవడానికి కారణం గింజలు లేక కాదు, మొలిచిందల్లా గొర్రె కొరికేయడం. పదిహేను, ఇరవై ఏళ్లు కంచె వేస్తే అడవి తనంతట తానే లేస్తుంది. ఎప్పటికీ మూసి ఉంచినా ముప్పే, ముళ్లకంపలు కమ్మి చెట్టు మొదళ్ల మీది నాచును చంపేస్తాయి. మొక్కలు అందనంత ఎత్తయ్యాక కొద్దిపాటి పశువులను మళ్లీ వదలాలి.

ఇవన్నీ చేయాలన్నా ఆ నేల మనది కాదు. భూమి డూర్ కమ్రి అనే వేల్స్ నీటి సంస్థది. ఎక్కువ భాగం 1989 నుంచి ఎలాన్ లోయ ట్రస్టు చేతిలో దీర్ఘకాల లీజులో ఉంది, దాని కింద కౌలు రైతులున్నారు. 2000 నాటి చట్టం కొండల మీద నడిచే హక్కే ఇచ్చింది. తవ్వే హక్కు, నిప్పు పెట్టే హక్కు ఇవ్వలేదు. మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్కను రెండు మీటర్ల లోపు తాడుతో పట్టుకోవాలి, అది పక్షులు నేల మీద గూళ్లు కట్టే కాలం. కాబట్టి సంఘాలు మొక్కలు కొనే ముందు ట్రస్టుకు ఒక ఉత్తరం రాసి మూడు విషయాలు అడగాలి: ఈ ఏడాది ఏ బోదెలు పూడుస్తున్నారు, పీట్ మీద తనంతట తాను మొలిచిన స్ప్రూస్ మొక్కలను పీకడానికి మనుషులు కావాలా, కంచె వేయాల్సిన ఓక్ అడవి ఎక్కడుంది. మనుషులు కావాలంటే అక్టోబర్‌లో వెళ్లండి, రబ్బరు బూట్లు వేసుకుని. పెద్ద బస్సులను రాయడర్ ఊళ్లోనో సందర్శకుల కేంద్రం దగ్గరో ఆపేయండి. ఆ పైన ఉన్నది ఒక్క వాహనం పట్టే కొండదారి, సాయంత్రమైతే గొర్రెలు దాని మీదే పడుకుంటాయి.

ఇట్లు,
మధ్య వేల్స్‌లో ఉంటున్న మీ పాఠకులు