రోజు విడిచి రోజు, సగం మాత్ర

తణుకు,
వినాయక చవితి వెళ్ళిన మూడో రోజు.

చి.సౌ. బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మొన్న ఫోన్లో "ఆ స్టెరాయిడ్ ఇంకా మానలేదా అమ్మా" అని నువ్వు గట్టిగా అడిగావు. పక్కన చుట్టాలున్నారని ఏదో చెప్పి పెట్టేశాను. నీ భయం నాకు తెలుసు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నిరుడు శ్రావణంలో నేనెలా ఉన్నానో నువ్వు చూడలేదు. తెల్లారేసరికి రెండు భుజాలూ, తొడలూ బిగుసుకుపోయేవి. మంచం మీద పక్కకి తిరగాలంటే మీ నాన్న చెయ్యి పట్టుకోవాలి. రవిక వేసుకోలేను, జడ వేసుకోలేను. పదకొండు దాటితేగానీ చేతులు పైకి లేచేవి కావు. వయసు నొప్పులని రెండు నెలలు గడిపేశాం. చివరికి కీళ్ల డాక్టరు ఈఎస్ఆర్, సీఆర్పీ అని ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు చూసి పాలీమయాల్జియా రుమాటికా అన్నారు. యాభై దాటినవాళ్లకే వచ్చే జబ్బట. ప్రెడ్నిసొలోన్ అనే ఈ స్టెరాయిడ్ మాత్ర రోజుకి 15 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. మూడో రోజు పొద్దున్నే లేచి, తడి చీర దులిపి దండెం మీద నేనే ఆరేసుకున్నాను. మీ నాన్న గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయారు.

1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో కదల్లేని ఒకావిడకి మొదటిసారి కార్టిజోన్ అనే ఇలాంటి స్టెరాయిడే ఇస్తే కొద్దిరోజుల్లోనే లేచి నడిచిందనీ, 1950లో దానికి నోబెల్ ఇచ్చారనీ మీ నాన్న చదివి చెప్పారు. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. నా ఒంటి మీదే చూశాను కదా.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి ఒకటి చెబుతాను, కోప్పడకు. సంక్రాంతికి నాకు వైరల్ ఫీవర్ అని చెప్పాం కదా, అది జ్వరం కాదు. కార్తీకానికి మాత్ర 10కి దిగింది. మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ కాస్త పెరిగింది. పండక్కి వచ్చినవాళ్లంతా "ఇంకా ఆ విషం మింగుతున్నావా" అన్నారు. నాకూ విసుగొచ్చి, ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేశాను. నొప్పులు సరే, ఐదో రోజుకి కడుపులో తిప్పటం, వాంతులు. కనుమ నాడు పీట మీంచి లేవబోతే కళ్లు బైర్లు కమ్మి పడిపోయాను. బీపీ 90కి పడిపోయింది. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, మళ్లీ స్టెరాయిడే ఇంజెక్షన్ ఇచ్చి లేపారు.

అప్పుడు చెప్పారు డాక్టరుగారు. కిడ్నీల పైన అడ్రినల్ గ్రంథులని చిన్నవి రెండుంటాయి. ఒంటికి కావలసిన కార్టిజాల్ అనే హార్మోను అవే తయారుచేస్తాయి, మన మాత్ర చేసే పని కూడా దానిలాంటిదే. నెలల తరబడి బయటినుంచి మాత్ర వస్తుంటే మనతో పనిలేదనుకుని పడుకుంటాయి. ఒక్కసారిగా మాత్ర ఆపేస్తే ఇటు మాత్రా లేదు, అటు అవీ లేవవు. నెమ్మదిగా తగ్గిస్తేనే అవి మెల్లగా నిద్ర లేస్తాయి. జబ్బు తిరగబెట్టకుండా ఉండటానికీ అదే దారి.

అందుకని ఇప్పుడు మా లెక్క ఇలా నడుస్తోంది. 10 నుంచి ఒకేసారి 7.5కి దిగలేదు. ఒక నెలంతా ఒకరోజు 10, ఒకరోజు 7.5. ఆ తర్వాత రోజూ 7.5. వంటింట్లో వెంకట్రామా క్యాలెండర్లో తిథి కింద, ఎక్కువ మాత్ర రోజుకి సున్నా, తక్కువ రోజుకి అడ్డగీత పెడుతున్నాను. మేలో ఒకరోజు 7.5, ఒకరోజు 5 మొదలెడితే రెండు వారాలకే భుజాలు మళ్లీ పట్టేశాయి. ఈఎస్ఆర్ పెరిగింది. ఆ రోజు ఏడ్చాను బుజ్జీ, మళ్లీ మొదటికొచ్చిందని. డాక్టరుగారు మాత్రం చాలామందికి ఇలా అవుతుందని, 7.5కి వెనక్కి తీసుకెళ్లి, ఇంకొన్నాళ్లు అక్కడే ఉంచారు. ఈ నెలే మళ్లీ 7.5, 5 మొదలుపెట్టాం. ఇవాళ అడ్డగీత రోజు. పొద్దున జడ నేనే వేసుకున్నాను.

5 కిందకి దిగేటప్పుడు నీరసం, ఒళ్లు నొప్పులు ఉండొచ్చట. అది జబ్బు తిరగబెట్టడమా, గ్రంథులు బద్ధకిస్తున్నాయా అన్నది పరీక్ష చేసి చూస్తారు. మొత్తం ఏడాదిన్నరో రెండేళ్లో, ఇంకా ఎక్కువో పట్టొచ్చు. కాల్షియం, విటమిన్ డి వేసుకుంటున్నాను, ఎముకల స్కాన్ అయింది. మాత్ర పొద్దున టిఫిన్ అయ్యాకే.

నువ్వు గుర్తుపెట్టుకోవలసినవి రెండే. నాకు కణతల దగ్గర కొత్తగా తలనొప్పి వచ్చినా, నమిలితే దవడ నొప్పెట్టినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకూడదు. ఈ జబ్బుతోపాటు తలలోని రక్తనాళాలు వాచే ప్రమాదం ఉంది, ఆలస్యమైతే చూపు పోతుంది. మీ నాన్నకి పది సార్లు చెప్పాను, నువ్వూ చెప్పు. రెండోది, గట్టి జ్వరం వచ్చినా, ఆపరేషన్ లాంటిది పడినా డాక్టరుకి ముందే చెప్పాలి, అప్పుడు మాత్ర పెంచాల్సి రావచ్చు. "నేను స్టెరాయిడ్ వాడుతున్నాను" అని రాసిన చీటీ నా పర్సులో ఆధార్ కార్డు వెనకాల ఉంది.

నువ్వు పంపిన ఆ వీడియో చూశాను. పసరు తాగితే వారంలో స్టెరాయిడ్ మానేయొచ్చంటున్నాడు అతను. అలాంటివి నాకు పంపకు తల్లీ. మంచి మాటలా వినబడతాయి, మనసు ఊగుతుంది. ఒకసారి ఊగి పడ్డాను. నువ్వు ఫోన్ చేసినప్పుడు "ఇవాళ సున్నానా, గీతా" అని అడుగు చాలు, నాకు ధైర్యంగా ఉంటుంది.

దసరాకి వచ్చేటప్పుడు మాత్ర సగానికి కోసే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకురా. బ్లేడుతో కోస్తే ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నదవుతోంది, సగం పొడి గట్టు మీదే రాలిపోతోంది. పిల్లాడికి జంతికలు చేస్తాను, పిండి పట్టించి ఉంచాను.

అమ్మ