కోకాపేట సర్వీస్ రోడ్డు గురించి

రామంతాపూర్,
గురువారం రాత్రి

బిడ్డా చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కొద్దంటే మాత్రం వినడం లేదు. నాయనమ్మకు కంటి చుక్కల మందు మార్చారు. మన గల్లీలో పైపుల కోసం తవ్వారు, ఇంకా పూడ్చలేదు. నా స్కూటర్ మూల మీది కిరాణా కొట్టు దగ్గర పెట్టి నడిచి వస్తున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావేమో. ఫోన్ చేస్తే రెండు నిమిషాలకే "నాన్నా, మీటింగ్ ఉంది" అంటావు. వాట్సాప్‌లో ఎంత రాసినా బొటనవేలు బొమ్మ ఒకటి పెడతావు, ఆదివారం నుంచి అదీ లేదు. కాగితం మీద రాస్తే హాస్టల్లో పడుకునే ముందైనా చదువుతావు. శ్రీను రేపు మీ ఆఫీసు వైపు వస్తున్నాడు, సంచితో పాటు ఇది కూడా ఇస్తాడు.

శ్రీను అంటే గుర్తొచ్చింది. శనివారం రాత్రి పదకొండు దాటాక కోకాపేట దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీస్ రోడ్డు మీద నువ్వు పంచరైన బండి తోసుకుంటూ వెళ్తుంటే చూశాడట. తను కారులో అవతలి వైపు ఉన్నాడట, తిప్పుకుని వచ్చేసరికి మీరు లేరట. మీరు అని ఎందుకంటున్నానంటే, పక్కన ఎవరో అబ్బాయి బండిని వెనక నుంచి నెడుతున్నాడని చెప్పాడు. శ్రీను మీద కోపం పెట్టుకోకు. వాడు చాడీలు చెప్పడానికి రాలేదు. "మామా, చిన్ని క్షేమంగా చేరిందా?" అని అడిగాడు, అంతే. మాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఆదివారం పొద్దున అమ్మతో మాట్లాడినప్పుడు సాంబారు పొడి అయిపోయిందన్నావు. పంచర్ మాటే ఎత్తలేదు.

సరే, అది వదిలేద్దాం. టైరు సంగతి చూద్దాం.

వెనక టైరే అయి ఉంటుంది. రోడ్డు మీద పడుకుని ఉన్న మేకు మామూలుగా గుచ్చుకోదు. ముందు చక్రం తగిలి దాన్ని లేపుతుంది, నిలబడిన మేకు మీదికి వెనక చక్రం వస్తుంది. పైగా బరువంతా వెనకే. ఆ కోకాపేట, నార్సింగి వైపు అన్నీ కట్టే బిల్డింగులే కదా. సెంట్రింగ్ చెక్కల మేకులు, కడ్డీలు కట్టే తీగ ముక్కలు టిప్పర్ల నుంచి రాలుతుంటాయి. వాహనాల గాలికి, వాన నీళ్ళకు అవన్నీ రోడ్డు అంచుకు చేరతాయి. అందుకే మరీ ఎడమ అంచున పోవద్దు, కార్ల చక్రాలు తిరిగే జాడలో పో. తడి మీద రబ్బరు త్వరగా తెగుతుంది. వాన కురిసిన మర్నాడు పంచర్ షాపుల దగ్గర జనం ఉండేది ఇందుకే.

నీ బండికి స్పోక్ చక్రాలు. కొనేటప్పుడే చెప్పాను, చూడ్డానికి అందం, రోడ్డు మీద కష్టం అని. స్పోకులు రిమ్ములోకి దూరిన ప్రతి రంధ్రం నుంచీ గాలి పోతుంది కాబట్టి లోపల ట్యూబు తప్పదు. అల్లాయ్ చక్రాల ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగినా అది అందులోనే బిగిసి, గాలి మెల్లగా పోతుంది. మేకు పీకకుండా షాపు దాకా నెమ్మదిగా పోవచ్చు, బయటి నుంచే ప్లగ్గు పెట్టేస్తారు. ట్యూబు అలా కాదు. ఉన్నట్టుండి కూర్చుంటుంది. ఆ అబ్బాయి బండి ట్యూబ్‌లెస్ అయితే ఇదంతా అతనికి తెలియకపోవచ్చు. బండి ఉందో లేదో కూడా నాకు తెలియదనుకో.

వెనక ఊగినట్టు అనిపిస్తే వెనక టైరు, హ్యాండిల్ బరువెక్కి ఒక పక్కకు లాగితే ముందు టైరు. ఏదైనా సరే, గట్టిగా బ్రేకు కొట్టకు. ముందు యాక్సిలరేటర్ వదిలేయి, హ్యాండిల్ నిటారుగా పట్టుకో, బండి దానంతటదే నెమ్మదించనీ. బ్రేకు అవసరమైతే గాలి ఉన్న చక్రానిదే, అదీ కొద్దికొద్దిగా. ఇండికేటర్ వేసి ఎడమకు రా. ఆగాక మాత్రం గాలి లేని బండిని దూరం తోయొద్దు. రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగి పక్కకు జరుగుతుంది, వాల్వు మొదట్లో చిరిగిపోతుంది. అతుకు వేస్తే సరిపోయేది కొత్త ట్యూబు వేయాల్సి వస్తుంది. వాల్వు వంకరగా కనిపిస్తే లోపల ట్యూబు జరిగినట్టే. శ్రీను చెప్పిన చోటు నుంచి దగ్గరలో ఏ షాపూ లేదు. మరి ఎంత దూరం తోశారో.

ట్యూబు పోయినా టైరు పోయినా నాకు లెక్క లేదు, బిడ్డా. అది నువ్వు కష్టపడి కొనుక్కున్న బండి, నాకు తెలుసు. అయినా రాత్రిపూట దాన్ని అక్కడే తాళం వేసి వదిలేయి. పోతే పోనీ. నువ్వు వెలుతురున్న పెట్రోల్ బంకుకో, తెరిచి ఉన్న హోటల్‌కో పోయి కూర్చో. ముందు నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా, రెండైనా, నేను లేస్తాను. రామంతాపూర్ నుంచి కోకాపేటకు నేను రావడానికి గంట పడితే, ఆ గంటలో నువ్వు 112కో 100కో చెప్పి ఉండాలి. టీ-సేఫ్ అని 2024లో మన పోలీసులు మొదలుపెట్టారు, ఇల్లు చేరేదాకా వాళ్ళు గమనిస్తూ ఉంటారు. దాన్ని వాడుకోవడానికి మొహమాటం దేనికి?

ఇంత ఎందుకు చెప్తున్నానో నీకు తెలుసు. 2019 నవంబర్లో శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర ఏం జరిగిందో ఈ ఊళ్ళో ఆడపిల్ల ఉన్న ఏ ఇల్లూ మర్చిపోలేదు. స్కూటీ టైరులో గాలి తీసినవాళ్ళే పంచర్ వేయిస్తామని దగ్గరికి వచ్చారు. అప్పుడు నువ్వు ఫైనల్ ఇయర్‌లో ఉన్నావు. ఆ వారమంతా నీ కాలేజీ బస్సు దిగే చోట నేను నిలబడ్డాను, నువ్వు విసుక్కున్నావు కూడా. శ్రీను ఆ మాట చెప్పగానే నా మనసు అక్కడికే పోయింది. ఆ అబ్బాయి నీకు ముందు నుంచీ తెలిసినవాడా, లేక దారిలో వచ్చి "నేను నెడతానండీ" అన్నవాడా? తెలిసినవాడైతే నాకు సంతోషమే, పేరు చెప్పు చాలు. వేరే ఏమీ అడగను. తెలియనివాడైతే, మంచివాడే కావచ్చు, రోడ్డు మీద మంచివాళ్ళు చాలామంది ఉంటారు. కానీ చీకట్లో ఎవరు ఏమిటో తేల్చుకునే పని నీ ఒక్కదాని నెత్తిన పడకూడదు.

మీ అమ్మ ఈ విషయంలో ఎలాంటిదో నీకు చెప్పానో లేదో. నీకు ఇంకా ఏడాది నిండలేదు. దేవరకొండలో మల్లేశ్ మామ పెళ్ళి. నేను బస్సు డిపోలో డ్యూటీ దిగి వచ్చేసరికే పొద్దు వాలింది. చేతక్ మీద ముగ్గురం బయలుదేరాం. ఇబ్రహీంపట్నం దాటాం, యాచారం దాటాం, వెనక చక్రం కూర్చుంది. చేతక్‌కు స్టెప్నీ ఉండేది కదా. మీ అమ్మ నిన్ను కొంగులో చుట్టుకుని ఒక చేత్తో టార్చి పట్టుకుంది, నేను నట్లు విప్పి చక్రం మార్చేశాను. మాల్ కూడా దాటాం. ఇంకో అరగంటైతే చింతపల్లి వస్తుందనగా స్టెప్నీ కూడా పోయింది. ఈసారి తుమ్మముల్లు, వేలెడు పొడవు. ఆ రోజుల్లో సాగర్ రోడ్డు మీద చీకటి పడితే దీపం కనిపించేది కాదు. సీసాలో పాలు అయిపోయాయి, నువ్వు గుక్కపట్టి ఏడుస్తున్నావు. రెండు లారీలు ఆపకుండా పోయాయి. ఒక జీపు ఆగింది, అందులో నలుగురు మగవాళ్ళు. ఎక్కమన్నారు. నేను ఎక్కేద్దామనే అన్నాను. మీ అమ్మ నా చొక్కా పట్టి వెనక్కి లాగి, "మావాళ్ళు వెనకే వస్తున్నారు, మీరు పోండి" అంది. ఎవరూ రావడం లేదని మా ఇద్దరికీ తెలుసు. చాలాసేపటికి గొర్రెల లోడుతో ఒక డీసీఎం వ్యాన్ ఆగింది. డ్రైవర్ పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. మీ అమ్మ ఆమెను ఏ ఊరు, ఎవరింటికి పోతున్నారు అని అడిగింది, వాళ్ళ కోడలిది అంగడిపేట అని ఏదో చెప్పింది, అప్పుడుగానీ ఒప్పుకోలేదు. స్కూటర్ను గొర్రెల మధ్య ఎక్కించి నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ముసలమ్మ నిన్ను ఒళ్ళో వేసుకుంది. ఆమె దగ్గర ఉన్న బెల్లం నీళ్ళు తాగి నువ్వు పడుకున్నావు.

దేవరకొండ చేరేసరికి నడిరాత్రి. మీ తాత బస్టాండు దగ్గర ఉన్నాడు. సాయంత్రం నుంచి అక్కడే ఉన్నాడట. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రతి బస్సు డ్రైవర్నూ దారిలో స్కూటర్ ఏమైనా చూశారా అని అడిగాడట. ఇద్దరు కుర్రాళ్ళను సైకిళ్ళ మీద కొండమల్లేపల్లి దాకా పంపాడు. పెళ్ళింట్లో ఎవరూ విస్తరి ముందు కూర్చోలేదు. మీ తాత నన్ను చూసి ఒక్క మాట అనలేదు. నిన్ను తీసుకుని నుదురు, అరికాళ్ళు తడిమి చూసుకుని లోపలికి పోయాడు. తెల్లవారాక మీ అమ్మమ్మ చెప్పింది, ఆయనకు ఆ రాత్రి గుండెలో నొప్పి వచ్చిందని. అప్పుడు మా దగ్గర ఫోన్ లేదు. ఉంటే యాచారంలోనే చెప్పేవాడిని. నీ చేతిలో ఎప్పుడూ ఉంటుంది కదా బిడ్డా, ఒక్క మాట కొట్టడానికి ఎంతసేపు? "పంచర్ అయింది, ఫలానావాళ్ళు తోడున్నారు." అంతే చాలు.

షాపు దగ్గర కూడా జాగ్రత్త. ఫోన్ చూస్తూ పక్కన నిలబడకు, దగ్గర కూర్చుని చూడు. ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో నీ కళ్ళతో చూడు. కొన్నిచోట్ల ఒక్క చిల్లుకు నాలుగు చూపిస్తారు, నాకూ అలా జరిగింది. చిల్లు ట్యూబుకు ఏ వైపుందో అడుగు. రోడ్డు వైపుంటే మేకు. రిమ్ము వైపుంటే స్పోకు మొన గుచ్చుకుంది, అప్పుడు రిమ్ టేపు, అంటే స్పోకు మొనలు ట్యూబుకు తగలకుండా రిమ్ముకు చుట్టే పట్టీ, మార్చకుండా ఎన్ని అతుకులు వేసినా మళ్ళీ పోతుంది. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువై గుంతలో రిమ్ము కొట్టిందన్నమాట. అన్నిటికంటే ముఖ్యం, ట్యూబు మళ్ళీ పెట్టే ముందు టైరు లోపల చుట్టూ గుడ్డతో తడిమించు. మేకు ముక్క లోపలే ఉండిపోతే మరో కిలోమీటరుకు అదే కథ. డిపోలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు నేను మొదట నేర్పింది ఇదే. శనివారం ఎవరు వేశారో, ఇది చేశారో లేదో. చేయకపోతే ఈసారి ఇంటికి వచ్చినప్పుడు నేనే విప్పి చూస్తాను.

వారానికోసారి గాలి చూపించు, పొద్దున బండి తీయగానే, టైరు వేడెక్కక ముందు. బంకులో గాలికి డబ్బు తీసుకోకూడదు, అడిగి కొట్టించుకో. ఎంత ఉండాలో బండి పుస్తకంలో ఉంటుంది, వెనక మనిషిని ఎక్కించుకుంటే ఇంకాస్త ఎక్కువ కావాలి. నువ్వు రోజూ ఒక్కదానివే పోతావనుకున్నాను కాబట్టి అది ఎప్పుడూ చెప్పలేదు. ముందు టైరు అరిగేదాకా నడపొద్దు. మా బస్సులకు రీట్రెడ్ చేసినవి, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేసినవి, వెనక్కే వేసేవాళ్ళం, ముందుకు ఎప్పుడూ కొత్తవే. వెనక టైరు పోతే బండి ఊగుతుంది, ముందుది పోతే మనిషి పడతాడు.

సంచిలో కొత్త ట్యూబు, రిమ్ టేపు, చార్జింగ్ పెట్టుకునే గాలి పంపు, నుదుటికి కట్టుకునే టార్చి లైటు ఉన్నాయి. పంపుతో చిన్న చిల్లైతే కొంత దూరం నెట్టుకు రావచ్చు, పెద్ద చిల్లుకు పనికిరాదు. దాన్ని నమ్ముకుని రాత్రిపూట బయలుదేరకు. సాంబారు పొడి, గోంగూర పచ్చడి అమ్మ పెట్టింది. పచ్చడి సీసా మూత బిగించి ఉంది, నిలువుగానే పట్టుకో. మోకాలి గార్డులు కూడా పెట్టాను, వేసుకోనంటావని తెలుసు, అయినా వేసుకో.

ఇంకో పని. రెండు టైర్ల పక్క భాగంలో ఒక చోట నాలుగు అంకెలు కలిపి ఉంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఫోటో తీసి పంపు. సెకండ్ హ్యాండ్ బండి, రబ్బరు ముదిరి ఉంటే గ్రిప్పు కనిపిస్తున్నా లాభం లేదు. టైరు పైని గాడుల్లో అక్కడక్కడా చిన్న గట్లుంటాయి, టైరు వాటి మట్టానికి అరిగిందేమో అదీ చూడు. మార్చాల్సి వస్తే డబ్బు నేను ఇస్తాను, వద్దనకు.

ఆదివారం ఇంటికి రా. శనివారం నీతో ఉన్న అబ్బాయి తెలిసినవాడే అయితే అతన్నీ భోజనానికి తీసుకురా, అమ్మ నాటుకోడి చేస్తానంటోంది. అంత రాత్రి నీ బండి నెట్టినవాడికి ఒక పూట అన్నం పెట్టడం మా ధర్మం. వాన ఉంటే బండి తీయొద్దు, రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగు. ఎక్కేటప్పుడు ఒక ఫోన్ చెయ్యి. గల్లీ తవ్వి ఉంది కదా, ఆటోలు లోపలికి రావు. స్కూటర్ తీసుకుని స్టేషన్ కింద ఉంటాను, రెండో హెల్మెట్ కూడా తెస్తాను.

మీ
నాన్న