సమశక్తి స్థితులకు క్షీణత అంటగట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

క్వాంటం మెకానిక్స్ గురించి తెలుగులో రాసేవారు నిఘంటువు తెరిచి 'డీజెనరేట్' స్థాయిని 'క్షీణించిన స్థాయి' అనేస్తే పాఠకుడు గడప దగ్గరే తట్టుకుని పడతాడు. అక్కడ క్షీణించింది ఏమీ లేదు. వేర్వేరు స్థితులకు శక్తి ఒక్కటే, అంతే. 'సమశక్తి స్థితులు' అంటే చాలు, లేదా డీజెనరసీ అనే ఉంచేయొచ్చు.

నిర్వచనం చెప్పి ఊరుకున్నా లాభం లేదు. ఘనాకారపు పెట్టెలో బంధించిన కణాన్నే చూడండి. దాని శక్తి మూడు క్వాంటం సంఖ్యల వర్గాల మొత్తాన్ని బట్టి ఉంటుంది. (1,1,2), (1,2,1), (2,1,1) మూడింటికీ మొత్తం 6. ఇప్పుడు పెట్టె ఎత్తు (మూడో సంఖ్య దానిదే) ఒక్కటే 1 శాతం పెంచండి. మొదటి స్థితి 5.92కు దిగుతుంది, మిగతా రెండూ 5.98 దగ్గర కలిసే ఉంటాయి. పొడవు, వెడల్పు ఇంకా సమానమే మరి! ఆ స్థితుల్ని ఒకచోట కట్టి ఉంచింది పెట్టె సౌష్ఠవమే.

అన్నీ ఇంత సులువుగా తేలవు. అదే ఘనంలో (3,3,3)కీ (5,1,1)కీ మొత్తం 27. అక్షాలు ఎటు మార్చినా ఒకటి రెండోది కాదు. దీన్ని యాదృచ్ఛిక డీజెనరసీ అంటారు. హైడ్రోజన్‌ రెండో స్థాయిలోని 2ఎస్, 2పీ స్థితులకు శక్తి ఒక్కటే కావడాన్నీ ఆ పేరుతోనే పిలుస్తారు గానీ, దాని వెనక విలోమ వర్గ ఆకర్షణకే ప్రత్యేకమైన అదనపు సౌష్ఠవం ఉందని సోవియట్ భౌతికశాస్త్రవేత్త వ్లాదిమీర్ ఫాక్ 1935లో చూపించాడు.

విద్యార్థుల లెక్క తప్పేది ఎక్కువగా స్టార్క్ ప్రభావం దగ్గర, అంటే విద్యుత్ క్షేత్రంలో పరమాణువు శక్తి స్థాయిలు జరిగి చీలే చోట. చిన్న ప్రభావం వల్ల శక్తి ఎంత జరుగుతుందో చెప్పే మామూలు పర్టర్బేషన్ సూత్రంలో హారం రెండు శక్తుల తేడా. సమశక్తి స్థితులకు అది సున్నా. లవం సున్నా కాకపోతే సూత్రం అక్కడికక్కడే కూలిపోతుంది. కాబట్టి ముందు ఆ స్థితుల వరకే మాత్రిక రాసి వికర్ణీకరించాలి, అంటే కర్ణం మీద తప్ప మిగతా గడులన్నీ సున్నా అయ్యేలా ఆ స్థితుల్ని కలపాలి. హైడ్రోజన్ రెండో స్థాయిలో, స్పిన్ పక్కన పెడితే, స్థితులు నాలుగు. మాత్రికలోని 16 గడుల్లో సున్నా కానివి రెండే: 2ఎస్‌నూ, క్షేత్రం దిశలో కోణీయ ద్రవ్యవేగం సున్నా అయిన 2పీనీ కలిపేవి. ఆ జంట ఒకటి పైకి, ఒకటి కిందికి సమానంగా జరుగుతుంది. మిగతా రెండూ కదలవు. స్థాయి నాలుగుగా కాక మూడుగానే చీలుతుందన్నమాట. మధ్యలో మిగిలిన ఆ జంటను విద్యుత్ క్షేత్రం ఎంత పెంచినా ఈ మాత్రిక విడదీయదు. అదే దిశలో అయస్కాంత క్షేత్రం కూడా పెడితే అవీ విడిపోతాయి.

— ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు