వార్షిక నివేదిక: నగర వాన నీటి ప్రణాళికపై మన సంఘం పని

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుక, పిల్లల తెలుగు తరగతులు, కొత్తగా వచ్చిన కుటుంబాలకు సాయం ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి వివరాలు, జమాఖర్చులు విడిగా పంపాం. ఈ నివేదికలో ఎక్కువ భాగం నీటి గురించే. మన నగర కౌన్సిల్ ఈ ఏడాది ఉపరితల జలాల నిర్వహణ ప్రణాళికను ఆమోదించింది. మన వీధుల్లో నీళ్లు నిలుస్తాయా, చెరువులు పచ్చబడతాయా అనేది చాలావరకు దాని అమలు మీదే ఆధారపడి ఉంటుంది.

మినియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టూ ఉన్న 7 కౌంటీల్లోని నగరాలకు ఇలాంటి ప్రణాళిక తప్పనిసరి. 1982 నాటి మిన్నెసోటా చట్టంతో ఈ పద్ధతి మొదలైంది. ఒక ఊళ్లో పడిన వాన పక్క ఊరి చెరువులో చేరుతుంది కాబట్టి ముందు వాటర్‌షెడ్ సంస్థ (ఒకే చెరువు లేదా నదిలోకి నీరు చేరే ప్రాంతమంతటినీ చూసుకునే సంస్థ) తన ప్రణాళిక రాస్తుంది, నగరం దానికి తగ్గట్టు తనది రాసుకోవాలి. ముసాయిదాను పరిశీలించడానికి వాటర్‌షెడ్ సంస్థకు 60 రోజులు, అభిప్రాయం చెప్పడానికి ఈ 7 కౌంటీల ప్రాంతీయ సంస్థ అయిన మెట్రోపాలిటన్ కౌన్సిల్‌కు 45 రోజులు ఉంటాయి. వాటర్‌షెడ్ ఆమోదం వచ్చాక 120 రోజుల్లో నగరం తీర్మానం చేయాలి.

ముసాయిదా బయటికి రాగానే మన సభ్యులు కొందరు దాన్ని పంచుకుని చదివారు. పెద్దవాళ్ల కోసం తెలుగులో చిన్న సారాంశం తయారుచేశారు. పెద్దవాళ్లు ఎక్కువగా అడిగింది వాన లెక్కల గురించే. ఇక్కడి పాత పైపులను 1961 నాటి వర్షపాతం పట్టికల ప్రకారం వేశారు. ఏ ఏడాదైనా రావడానికి 1 శాతం అవకాశం ఉన్న భారీ వాన అంటే అప్పట్లో 24 గంటల్లో దాదాపు 6 అంగుళాలు. 2013లో వచ్చిన అట్లాస్ 14 అనే కొత్త వర్షపాతం లెక్కల్లో అది 7 అంగుళాలు దాటింది. అంతకు మించీ కురవొచ్చు: 1987 జూలై 23 రాత్రి విమానాశ్రయం దగ్గర 10 అంగుళాలు పడింది. కొత్త ప్రణాళిక కొత్త లెక్కలనే తీసుకుంది. ఇది మంచి నిర్ణయం.

మాకు అసంతృప్తి మిగిల్చింది ఇళ్ల మధ్య ఉన్న వాన నీటి గుంటల విషయం. వీధి తూముల నీరు శుద్ధి కేంద్రానికి పోదు, ఈ గుంటల మీదుగానో నేరుగానో చెరువులోకే పోతుంది. మురికి అడుగున పేరుకోవడానికే వీటిని తవ్వారు. పూడిక నిండితే ఫాస్ఫరస్ ఆగదు. 1 పౌండు ఫాస్ఫరస్‌తో 500 పౌండ్ల దాకా నాచు పెరుగుతుంది. ముసాయిదాలో ‘అవసరాన్ని బట్టి పూడిక తీస్తాం’ అని మాత్రమే ఉంది. ఏ గుంట ఏ ఏడాదో రాయాలని బహిరంగ విచారణలో మన తరఫున గట్టిగా అడిగాం. తుది ప్రతిలో మన పరిసరాల గుంటలకు సంవత్సరాలు చేరాయి. అపార్ట్‌మెంట్లు, షాపుల పార్కింగ్ స్థలాల్లో మంచు కరగడానికి చల్లే ఉప్పు గురించి అడిగినదానికి మాత్రం ‘అవగాహన కల్పిస్తాం’ అన్న మాటే దక్కింది. అది చాలదు. 1 టీస్పూను ఉప్పు 5 గ్యాలన్ల నీటిని పాడుచేస్తుంది, ఒకసారి కలిశాక దాన్ని తీసేసే తేలికైన దారి లేదు.

మన ఇళ్ల దగ్గర చేయాల్సింది కూడా ఉంది. ముందు మంచు గీకేసి, తర్వాతే ఉప్పు చల్లండి. 20 అడుగుల డ్రైవ్‌వేకి ఒక కాఫీ మగ్గు చాలు. నేల 15 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చల్లగా ఉంటే మామూలు ఉప్పు దాదాపు పనిచేయదు, ఇసుక వాడండి. పచ్చికకు ఫాస్ఫరస్ ఎరువు 2005 నుంచి రాష్ట్రమంతటా నిషిద్ధం. కొత్తగా పచ్చిక వేస్తున్నా, మట్టి పరీక్షలో లోపం తేలినా మినహాయింపు ఉంది. వీధి తూమును దత్తత తీసుకుని శుభ్రంగా ఉంచే ‘అడాప్ట్ ఎ డ్రెయిన్’ కార్యక్రమం కింద మన కుటుంబాలు తీసుకున్న తూముల దగ్గర పిల్లలు శరదృతువు ఆకులు ఊడ్చిన తీరు చూసి చాలా సంతోషం వేసింది. వినాయక చవితికి మట్టి విగ్రహాన్ని తొట్టిలోనే నిమజ్జనం చేశాం, పత్రి, పూలు కంపోస్టుకు పంపాం. ఇంకో ముఖ్యమైన మాట: వాన నీటి గుంటల్లో నీరు కదులుతూ ఉంటుంది కాబట్టి పైన మంచు గట్టిగా ఉండదు. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు దయచేసి పిల్లల్ని దాని మీదికి పంపొద్దు.

ప్రణాళికలో సంవత్సరం రాసినంత మాత్రాన డబ్బు కేటాయించినట్టు కాదు. నగరం సెప్టెంబర్‌లో వచ్చే ఏడాదికి వసూలు చేయబోయే ఆస్తి పన్ను ప్రాథమిక మొత్తాన్ని ఖరారు చేస్తుంది, తుది బడ్జెట్ డిసెంబర్‌లో వస్తుంది. సెప్టెంబర్ తర్వాత ఆ మొత్తం తగ్గొచ్చు గానీ పెరగడానికి వీల్లేదు. అందుకే పూడిక పనికి నిధులు అడగాల్సింది వేసవిలోనే. కౌన్సిల్ సమావేశానికి మాతో రాగలిగినవాళ్లు జూలై లోపు కార్యవర్గానికి పేర్లు ఇవ్వండి. మాట్లాడాలని లేకపోయినా ఫర్వాలేదు, వచ్చి కూర్చుంటే చాలు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి