ముందు బ్రేకు పని మా దగ్గర చేయించుకున్నవాళ్లకి

పాత మోటార్‌సైకిళ్ల ముందు చక్రానికి మా షెడ్డులో కొత్త స్పోకులు కట్టించుకుని, డ్రమ్ (హబ్ లోపల బ్రేకు ఆనే గుండ్రటి డొప్ప) టర్నింగ్ చేయించుకుని, అంటే లేత్ మీద లోపల చెక్కించుకుని, కొత్త లైనర్లు (డ్రమ్‌కి రాసుకునే పట్టీలు) వేయించుకున్న వాళ్లందరూ ఇది తప్పకుండా చదవండి. ఆ చక్రాలన్నీ వెనక్కి తెప్పించుకుని మళ్లీ చేస్తున్నాను. పనిలో తప్పు జరిగింది, అది మా తప్పే. మళ్లీ చేసినందుకు మజూరీ గానీ సామాను ఖర్చు గానీ ఏమీ తీసుకోను. మీ వంతు వచ్చేదాకా బండి నెమ్మదిగా నడపండి, ముందు బండికి ఎప్పుడూ వదిలేదానికంటే ఎక్కువ దూరం వదలండి.

విషయం మొదట బయటపడింది 1968 మోడల్ ట్రయంఫ్ ఒకదాని మీద. ఆ ఏడాదే 650 సీసీ ట్రయంఫులకి 8 అంగుళాల ట్విన్ లీడింగ్ షూ డ్రమ్ వచ్చింది. షూ అంటే లైనర్ అతికించిన వంపు ముక్క; ఇందులో బండి ముందుకి వెళ్తుంటే రెండు షూలనీ చక్రం తిరుగుడే డ్రమ్‌లోకి ఇంకా లాగుతుంది. సరిగ్గా కుదిరిందంటే రెండు వేళ్లతో బండి ఆగే బ్రేకు అది. మేము పని చేసి ఇచ్చిన వారానికే ఓనరు వచ్చి, "లివర్ పడితే వేళ్ల కింద నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోందండీ, గట్టిగా పిండితే గానీ ఆగట్లేదు" అన్నారు. లైనర్లు కొత్తవి కదా, నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటాయని చెప్పి పంపేశాను. ఆయన నా మాట నమ్మి అంత దూరమూ తిరిగి, మళ్లీ వచ్చి అదే మాట చెప్పారు. అప్పుడు గానీ ఆ బండి నేను నడిపి చూడలేదు. మొదటి మలుపు ముందు లివర్ పట్టగానే నాకు చెమట పట్టింది. ఆ బ్రేకుతో ఆయన్ని అన్ని రోజులు రోడ్డు మీద తిప్పానన్న సంగతి ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు.

చక్రం విప్పి, ఇరుసు మీద నిలబెట్టి, డయల్ గేజ్ (చిన్న చిన్న తేడాలు ముల్లుతో చూపే కొలత పరికరం) డ్రమ్ లోపలికి ఆనించి చేత్తో మెల్లగా తిప్పాను. ఒక చుట్టులో ముల్లు రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి కదిలింది. తేడా 0.3 మిల్లీమీటర్లు. అంటే డ్రమ్ గుండ్రంగా లేదు, కోడిగుడ్డు వాటంలోకి వచ్చింది. తర్వాత లైనర్లకి సుద్దముక్క రుద్ది, చక్రం ఎక్కించి, తిప్పుతూ బ్రేకు పట్టి మళ్లీ విప్పాను. సుద్ద లేచిపోయింది నడుమ బొటనవేలు వెడల్పు మేరే. మిగతా లైనరంతా తెల్లగా అలాగే ఉంది. అంత పెద్ద బ్రేకులో పనిచేస్తున్నది ఆ కాస్త ముక్క మాత్రమే.

కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. మేము ముందు ఖాళీ హబ్‌ని లేత్ మీద టర్నింగ్ చేసి, ఆ తర్వాత స్పోకులు కట్టేవాళ్లం. లేత్ మీద డ్రమ్ అద్దంలా గుండ్రంగానే వచ్చేది. కానీ 36 గానీ 40 గానీ స్పోకులు బిగించాక, ఒక్కొక్కటి పదుల కిలోల బలంతో హబ్ అంచుని బయటికి లాగుతుంది. ఆ లాగుడు చుట్టూ ఒకేలా ఉండదు. డ్రమ్ ఆకారం మారేది అక్కడే. దానికి తోడు, టర్నింగ్ చేస్తే డ్రమ్ లోపలి కొలత పెరుగుతుంది, రెడీమేడ్ షూ మాత్రం పాత కొలత వంపులోనే ఉంటుంది. పెద్ద వంపులో చిన్న వంపు పెడితే నడుమ మాత్రమే ఆనుతుంది. సుద్ద చెప్పింది అదే. పెద్ద పనివాళ్లు ముందు స్పోకులు కట్టి తర్వాతే టర్నింగ్ చేయాలని చెప్పగా నేను విన్నాను. విని కూడా, మా లేత్ మీద రిమ్ముతో సహా చక్రం పట్టదని వరుస మార్చేశాను.

ఇప్పుడు పని వరుస ఇదీ. ముందు స్పోకులు కట్టి, బెండు తీసి, పూర్తిగా బిగిస్తాం. ఆ తర్వాత రిమ్ముతో సహా చక్రాన్ని పెద్ద లేత్ ఎక్కించి డ్రమ్ టర్నింగ్ చేయిస్తాం. కాస్త మందం ఎక్కువున్న లైనర్లు వేసి, షూలని వాటి ప్లేటు మీదే బిగించి, కొత్త డ్రమ్ కొలతకి సరిపోయేలా పైన చెక్కుతాం. పెద్ద లేత్ బయట ఉంది, అక్కడ మన వంతు కోసం ఆగాలి. నాలుగు రోజుల్లో ఇచ్చే పనికి ఇప్పుడు రెండు వారాలు పడుతోంది. తొందర ఉన్నవాళ్లు దయచేసి వేరేచోట చేయించుకోండి, నాకేమీ బాధ లేదు. ఆ ట్రయంఫ్ మాత్రం మళ్లీ చేశాక ముల్లు కదిలీ కదలనట్టుంది, సుద్ద లైనర్ మొత్తం మీద లేచింది.

ఇదంతా ఎందుకు, డిస్కు వేసేయొచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. 1969లో హోండా సీబీ750కి ముందు డిస్కు వచ్చింది, 1972లో నార్టన్ కమాండోకి వచ్చింది. డిస్కు మంచిదే. కానీ డ్రమ్ కోసం చేసిన సన్నటి ఫోర్కుకి (ముందు చక్రాన్ని పట్టే రెండు కాళ్లకి) ఒకవైపు డిస్కు తగిలిస్తే, బ్రేకు పట్టినప్పుడల్లా బలమంతా ఒక కాలు మీదే పడి ఫోర్కు మెలి తిరుగుతుంది. కాలిపర్ (డిస్కుని నొక్కే భాగం) పట్టే బ్రాకెట్‌కి వెల్డింగ్ మీద ఆధారపడే పని నేను చేయను. అదే ఫోర్కుకి కంపెనీయే తర్వాతి మోడల్లో డిస్కు ఇచ్చి, ఆ కింది కాళ్లు దొరికితే సంతోషంగా వేస్తాను.

ఇప్పటికే డిస్కు ఉన్న బళ్లవాళ్లు మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర బ్రేకు ఆయిల్‌ని తోసే సిలిండర్) లోపలి కొలత ఒకసారి చూసుకోండి. రెండు డిస్కుల బండిది 15.9 మిల్లీమీటర్ల సిలిండర్ తెచ్చి ఒక్క డిస్కుకి వేసినవి నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. లివర్ చెక్కలా ఉంటుంది, బ్రేకు పడదు. అదే 12.7 వేస్తే అదే పిడికిలి బలానికి ప్రెషర్ ఒకటిన్నర రెట్లు దాటుతుంది. లివర్ నడక కూడా అంతే పెరుగుతుంది, అది మామూలే. పాత రబ్బరు గొట్టం ఉంటే దాన్నీ మార్చండి. పిండిన బలంలో కొంత ఆ గొట్టం ఉబ్బడానికే పోతుంది.

ట్విన్ లీడింగ్ షూ ఉన్నవాళ్లకి ఇంకో మాట. రెండు కామ్‌ల (షూలని బయటికి తోసే ముక్కల) మధ్య ఉండే లింకు రాడ్డుని ఇంట్లో ఊరికే తిప్పకండి. రెండు షూలూ ఒకేసారి డ్రమ్‌ని తాకాలి. తిప్పాల్సే వస్తే రాడ్డు ఒక చివర విప్పి, కేబుల్‌తో మొదటి షూ ఆనేదాకా లాగి ఉంచండి, రెండో కామ్‌ని స్పానరుతో అదీ ఆనేదాకా తిప్పండి, అప్పుడు పిన్ను బలవంతం లేకుండా దూరేలా రాడ్డు పొడవు సర్దండి. ఇంకొకటి, ఎత్తు మీద బండి ఆపినప్పుడు వెనక్కి జారుతుంటే ఈ బ్రేకు బాగా బలహీనం, ఎందుకంటే చక్రం వెనక్కి తిరిగితే రెండు షూలూ డ్రమ్ నుంచి తోసుకుపోతాయి. అక్కడ వెనక బ్రేకు మీద కాలు ఉంచండి. ఇది రిపేరుతో పోయే లోపం కాదు.

పాత లైనర్లు మీరే విప్పితే ఆ ధూళిని నోటితో గానీ కంప్రెసర్‌తో గానీ ఊదకండి. ఆ కాలపు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, గుడ్డతో సహా కవర్లో కట్టేయండి. మా దగ్గర పనిచేసే కుర్రాళ్లకి కూడా షెడ్డులో ఇదే నియమం పెట్టాను.

మీ చక్రం సంగతి ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ముందు చక్రం పైకి లేపి, చేత్తో తిప్పి, లివర్ కొంచెం కొంచెంగా పట్టండి. రాపిడి చప్పుడు చుట్టంతా ఒకేలా వినిపిస్తే పరవాలేదు. ఒక చుట్టులో రెండుసార్లు సుర్రు, సుర్రుమని ఆగి ఆగి వస్తే డ్రమ్ గుండ్రం తప్పింది. అలాంటివాళ్లు వెంటనే ఫోన్ చేయండి, వరుసలో ముందు మీదే. రోజూ పనికి అదే బండి మీద వెళ్లేవాళ్లు కూడా ఆ సంగతి చెప్పండి. బండి మొత్తం తేనక్కర్లేదు, చక్రం, బ్రేకు ప్లేటు, ఇరుసు చాలు. చప్పుడు బాగానే ఉన్నా, మా దగ్గర పాత వరుసలో చేయించుకున్న చక్రమైతే తీసుకురండి, గేజ్ మీ ముందే పెడతాను.